తొమ్మిది ప్రశ్నలు

ఆ రోజు పొద్దున సూర్యుడికి అటొకటి, ఇటొకటి రెండు చిన్న సూర్యుళ్లు పొడిచి ఉన్నాయి. ఫిబ్రవరి చలికి గాలిలో గడ్డకట్టిన మంచు పొడి మీద వెలుగు పడితే అలా కనిపిస్తుంది. మబ్బన్నది లేదు. పికప్ ఇంజను వేడెక్కేదాకా నేను ఆ మూడింటినీ చూస్తూ నిలబడ్డాను. నా భార్య మార్లిస్ అటు చూడలేదు. వచ్చి పక్క సీట్లో కూర్చుని తలుపు లాక్కుంది. మా పెళ్లయి ముప్పై ఆరేళ్లు. ఇద్దరం కలిసి ఎక్కడికి వెళ్లినా బండి నడిపేది ఆమే. ఆ రోజు తాళాలు నా జేబులో ఉన్నాయి.

నెబ్రాస్కా ఇసుక కొండల్లో మాకు నూట యాభై ఆవులు. ఈనే కాలం అప్పుడే ఊపందుకుంది. ఆ రోజుల్లో ఎవరూ దొడ్డి వదిలి కదలరు. మేము నూట పది మైళ్ల అవతల నార్త్ ప్లాట్‌కు బయల్దేరాం, ముక్కులో కొట్టుకునే మందు కోసం.

మార్లిస్ రెండేళ్లుగా బాగాలేదు. ఏడ్చేది కాదు. మంచం పట్టలేదు. పనంతా చేసేది. చేసిన పని వంక మాత్రం చూసేది కాదు. ఉప్పు సీసా మోచేతి పక్కనే ఉన్నా కోడిగుడ్డు చప్పగానే తినేది. నేను అవన్నీ గమనించాను. ఏమీ అడగలేదు. మా ఊరి డాక్టరు అడిగి, డిప్రెషన్ అని పేరు పెట్టి మాత్రలిచ్చాడు. అవి పనిచేయలేదు. ఇంకో రకం ఇచ్చాడు. అవీ అంతే. అలా రెండు రకాలు ఓడిపోతేనే ఈ స్ప్రేకు ఇన్సూరెన్స్ కంపెనీ ఒప్పుకుంటుందట. మొదటి నెలకు ఒప్పుకుంది.

ఆస్పత్రిలో నర్సు పేరు రోసాల్వా. చురుకైన పిల్ల. పలక లాంటి కంప్యూటరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"మార్లిస్ గారూ, మందు కంటే ముందు తొమ్మిది ప్రశ్నలండీ. ఈ రెండు వారాల సంగతి చెప్పాలి. అస్సలు లేదా, కొన్ని రోజులా, సగం కంటే ఎక్కువ రోజులా, దాదాపు రోజూనా."

"అడుగు తల్లీ."

"ఏ పని మీదా మనసు లేకపోవడం?"

"పర్లేదు."

"అలా కాదండీ, ఆ నాలుగింట్లో ఒకటి చెప్పాలి."

"అయితే కొన్ని రోజులు అని రాసుకో."

నిద్ర ఎలా ఉందంటే కొన్ని రోజులు. తిండి సంగతి అడిగితే కొన్ని రోజులు. తొమ్మిదో ప్రశ్న, చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన గురించి. మార్లిస్ గోడ మీది కాలెండరు వంక చూసి "అస్సలు లేదు" అంది. రోసాల్వా నా వైపు తిరిగింది.

"మీకేమనిపిస్తోందండీ?"

"నెట్టుకొస్తోంది" అన్నాను.

మా వైపు మాట తీరే అంత. మా నాన్న కాలు ట్రాక్టరు కిందపడి రెండుచోట్ల విరిగితే, డాక్టరుతో "కొంచెం ఇబ్బందిగా ఉంది" అన్నాడు. ఆ మాట మేము ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాం. ఎనిమిది మార్కులు వచ్చాయంది రోసాల్వా. ఇరవై ఏడుకి ఎనిమిది. ఎన్ని ఎక్కువొస్తే జబ్బు అంత ముదిరినట్టు లెక్కట. ఎనిమిదే కదా అని నేను లోపల సంతోషించాను కూడా.

మందు బొటనవేలంత ప్లాస్టిక్ గొట్టంలో ఉంది. తల కొంచెం వెనక్కి వాల్చి ఈ ముక్కులో ఒకసారి, ఆ ముక్కులో ఒకసారి ఆమే కొట్టుకోవాలి. ఐదు నిమిషాలాగి రెండో గొట్టం.

"దూడలకు ముక్కు టీకా వేసేది ఇలాగే కదా గేలెన్" అంది మార్లిస్. "అవి తల విదిలించి సగం నా మొహాన కొడతాయి."

"మీరు విదిలించకండేం" అంది రోసాల్వా.

తర్వాత రెండు గంటలు వాలుకుర్చీలో కూర్చోవాలి. మధ్యమధ్య బీపీ చూస్తారు. గొంతులోకి చేదు దిగిందంది. తన చేతులు ఎవరివో తెచ్చి ఒళ్లో పెట్టినట్టున్నాయంది. తర్వాత కళ్లు మూసుకుంది. మర్నాడు నిద్ర లేచేదాకా బండి నడపకూడదన్నారు. పొద్దు వాలే వేళకు ఇల్లు చేరితే, మేము లేనప్పుడు ఒక ఆవు ఈని, దూడ చెవులు చలికి గడ్డకట్టి ఉన్నాయి.

అలా వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు. మేము లేని రోజుల్లో మంద చూసింది పొరుగు పశువుల ఆసామి వెర్ల్ టోమ్కా. వెర్ల్, నేను ఒకే గది బడిలో ఎనిమిదేళ్లు పక్కపక్కన కూర్చున్నాం. వాడితో కూడా పంటి డాక్టరు దగ్గరికి వెళ్తున్నామనే చెప్పాను. అలా చెప్పమని మార్లిస్ అనలేదు. నా నోటికి అదే వచ్చింది.

"ఏరా గేలెన్, ఇన్నిసార్లు తిరిగారంటే ఆమె నోట్లో ఈపాటికి మూడో వరస మొలిచుండాలి" అన్నాడు ఏడోసారి.

"ఆ డాక్టరు చెయ్యి నిదానం."

"గడ్డి కోతకు మాత్రం పిలవకు వాణ్ని. మంచు పడేదాకా కోస్తాడు."

మార్చి చివర్లో ఉత్తరం వచ్చింది. నాలుగు వారాల తర్వాత మార్కులు ఏడు. ఎనిమిది నుంచి ఏడుకి వస్తే అది మార్పు కాదట. కొలవదగిన మెరుగుదల లేనందున చికిత్స కొనసాగింపునకు అనుమతి నిరాకరించడమైనది. మార్లిస్ దాన్ని రెండుసార్లు చదివి పొయ్యి పక్కన పెట్టింది. "వాళ్లు చెప్పింది నిజమే, ఏడే కదా" అంది.

నార్త్ ప్లాట్‌లో స్ప్రే రాసిన డాక్టర్ ఇంగ్రమ్ పొడుగాటి మనిషి. ఆయన కాగితం చూసి గడ్డం రుద్దుకున్నాడు.

"ఇంకో దారుంది. సెలైన్‌లా నరానికి ఎక్కించేది."

"దానికీ దీనికీ తేడా ఏంటండీ?" అన్నాను.

"రెండూ ఒక ఇంటివే. డ్రిప్‌లో ఉండేది మామూలు కెటమిన్. ఆపరేషన్లలో వాడే పాత మత్తుమందు, చాలా తక్కువ మోతాదులో ఇస్తాం. మీ పశువుల డాక్టరు అలమారలోనూ ఉంటుంది. స్ప్రేలో ఉన్నది అందులోంచి వేరుచేసిన సగం. ఈ జబ్బుకని ప్రభుత్వం అనుమతిచ్చింది స్ప్రేకే. అందుకే దానికి ఇన్సూరెన్స్ వస్తుంది. డ్రిప్‌కు ఆ అనుమతి లేదు. ఇవ్వడం తప్పు కాదు గానీ డబ్బు మీరే పెట్టుకోవాలి."

"ఏది మంచిది?"

"ముక్కులో కొట్టిన మందు రక్తంలోకి సగమే చేరుతుంది. మిగతాది గొంతులోకి పోతుంది. నరానికి ఎక్కిస్తే మొత్తం చేరుతుంది, మనిషి బరువును బట్టి పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. కొందరు డ్రిప్పే బలమంటారు. రెండింటినీ సరిగ్గా పక్కపక్కన పెట్టి తేల్చినవాళ్లు ఇంకా లేరు. నేను తేల్చానంటే అబద్ధం."

నాకాయన నచ్చాడు. తెలియదని చెప్పగలిగిన డాక్టర్ని నేను చూడటం అదే మొదటిసారి.

మందలో ఉంచుకుందామనుకున్న పెయ్యల్ని అమ్మేశాం. దాని గురించి ఇంతకంటే చెప్పుకోవడానికేం లేదు. డ్రిప్ ఇచ్చేచోటు లింకన్‌లో, నాలుగున్నర గంటల దారి. అక్కడ మార్లిస్‌ని ముందు కాటా మీద నిలబెట్టారు.

"తూస్తున్నారంటే అమ్మకానికి పెట్టినట్టే" అంది. "మంచి ధరొస్తే ఇచ్చెయ్యి గేలెన్."

నలభై నిమిషాలు. చేతికి సూది, పక్కన సన్నగా చప్పుడు చేసే పెట్టె. స్ప్రే రోజుల్లో ఆమె కళ్లు మూసుకుని ఊరకే ఉండేది. ఇక్కడ మొహంలో ఏవేవో కదిలిపోతున్నాయి, చెరువు మీద గాలి కదిలినట్టు. ఒకసారి వాంతి చేసుకుంది. ఒకసారి మాటే పలకలేదు, నేను భయపడ్డాను. అలా మూడు వారాల్లో ఆరుసార్లు.

మూడోసారి తిరిగొస్తున్నప్పుడు, కియర్నీ దాటాక "బండి ఆపు" అంది. ప్లాట్ నది ఒడ్డున మొక్కజొన్న కోసిన పొలంలో క్రేన్ కొంగలు దిగి ఉన్నాయి, వేలల్లో. ఏటా దిగేవే. రెండేళ్లుగా ఆమె వాటి పక్కనుంచే పోయింది. కిటికీ దించి చూసింది.

"ఆ చివర్న ఉన్నదాని కాలు చూడు, విరిగి అతుక్కుంది. వంకరగా. అయినా ఇంతదూరం ఎగిరొచ్చింది."

నేను చూశాను. నా కళ్లకు అది ఆనలేదు. ఆమెకు ఆనింది.

మే నెల మొదలయ్యేసరికి వంటింట్లో రేడియో మోగుతోంది. ఆవుల పేర్లన్నీ మళ్లీ ఆమె నోట్లో ఉన్నాయి. కానీ డ్రిప్ బలం కూడా ఎల్లకాలం ఉండేది కాదట. నెలకో, నెలన్నరకో మళ్లీ ఎక్కించుకోవాలి. అప్పటికే కొన్ని పొద్దులు ఆమె చెప్పుల్లో ఒక కాలు పెట్టి, రెండోది పెట్టడం మర్చిపోయి కూర్చోవడం చూశాను. మందలో ఇక అమ్మడానికి పెయ్యలు లేవు.

ఒకరోజు కంచె బాగు చేస్తున్నాం. ఆమె తీగ పట్టుకుంది, నేను మేకు కొడుతున్నాను.

"స్ప్రే కూడా పనిచేసింది గేలెన్" అంది.

సుత్తి దించాను. "ఎప్పుడు?"

"మూడోసారి తర్వాత. పొద్దున లేస్తే గాలిమర చప్పుడు వినిపించింది. అది ఆగిపోయిందనుకున్నాను రెండేళ్లుగా."

"మరి చెప్పలేదేం?"

"ఎవరికి? ఆ పిల్ల అడిగినప్పుడల్లా కొన్ని రోజులు, కొన్ని రోజులు అన్నాను. చావాలనిపించినప్పుడూ అదే మాట, తేలికైనప్పుడూ అదే మాట. ఇంక కాగితం మీద ఏం మారుతుంది?"

చావాలనిపించినప్పుడు అన్నది నా చెవిన పడింది. దాని మీద ప్రశ్న వేయడం నాకు చేతకాలేదు. మేకు కొట్టాను.

ఆ రాత్రికి కాదు, మర్నాడు పొద్దున్నే డాక్టర్ ఇంగ్రమ్‌కు ఫోన్ చేసింది. ఆయన అప్పీలు రాశాడు. కంపెనీ తరఫున ఒక డాక్టరు ఆమెతోనే నేరుగా మాట్లాడతాడని కబురొచ్చింది. మే పదిహేడు, పొద్దున పదిన్నర. ఆ రోజు కుదరకపోతే నిరాకరణే ఖాయం.

మే పదిహేడు మా దూడలకు మంద గుర్తు కాల్చి వాతలు వేసే రోజు.

అది మార్చడానికి వీల్లేదు. పదిహేనో తేదీ వెర్ల్‌ది, పందొమ్మిది ఇంకొకరిది. అందరూ అందరి దొడ్లకూ వెళ్తారు. అలా ఒకరికొకరు కట్టుబడి ఉన్నారు. నేనన్నాను, "నువ్వు పదింటికల్లా ఇంట్లోకి వెళ్లు. ఇక్కడ మేం చూసుకుంటాం."

ఆమె టీకా సీసాలు లెక్కపెట్టుకుంది.

ఆ రోజు ఇరవై రెండు మంది వచ్చారు. గుర్రాల మీదివాళ్లు దూడ వెనక్కాళ్లకు తాడు విసిరి మంట దగ్గరికి ఈడ్చుకొస్తారు. ఇద్దరు దాన్ని పడేసి పట్టుకుంటారు. ఒకరు వాత, ఒకరు టీకా. మార్లిస్ టీకా సూది పట్టుకుంది. పదింటికి ఆమె వంక చూశాను. పదింపావుకి మళ్లీ చూశాను. పదిన్నరకు ఆమె జేబులో ఫోన్ మోగింది.

"ఇంట్లోకి వెళ్లు" అన్నాను దగ్గరికి పోయి, మెల్లగా.

"ఇంట్లో ఆ బల్ల ముందు కూర్చుంటే మళ్లీ పర్లేదనే వస్తుంది నా నోట" అంది. ఫోన్ స్పీకరులో పెట్టి, పికప్ వెనక కిందికి వాల్చిన తలుపు మీద ఎక్కి కూర్చుంది. గ్యాసు మంట హోరు పెడుతోంది. "వెర్ల్, కాసేపు ఆ మంట ఆపు. నాకు వినపడటం లేదు."

వెర్ల్ ఆపాడు. అంతే, దూడల అరుపులు తప్ప దొడ్డంతా నిశ్శబ్దమైపోయింది. దూడ కాళ్లు పట్టుకున్నవాళ్లు పట్టుకున్నట్టే ఉండిపోయారు. ఆమె కావాలనే చేసిందని నాకు అప్పుడు తెలిసింది.

"మిసెస్ కుచెరా? మీ అప్పీలు గురించి. ఇది మీ ఆరోగ్యం విషయం. మీరొక్కరే ఉన్నచోటు నుంచి మాట్లాడుతున్నారా?" గొంతు మర్యాదగానే ఉంది.

"ఇరవై రెండు మంది ఉన్నారు. నూట నలభై దూడలున్నాయి. మీరడగండి."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడైంది. "మీ రికార్డు ప్రకారం చికిత్సకు ముందు మార్కులు ఎనిమిది. అంటే జబ్బు స్వల్పం."

"అది నేను చెప్పిన అబద్ధం. స్ప్రే మొదలుపెట్టక ముందు, జనవరిలో నేనెలా ఉన్నానో మళ్లీ అడగండి. ఈసారి సరిగా చెప్తాను."

"అలా మళ్లీ అడగడం మా పద్ధతిలో..."

"అబద్ధం రాసుకోవడానికి పద్ధతుందా మీకు? అడగండి."

అడిగాడు. ఒక్కోటీ చదివాడు. మనసు లేకపోవడం. దాదాపు రోజూ. దిగులు. దాదాపు రోజూ. నిద్ర, అలసట, తిండి. రోజూ, రోజూ, రోజూ. తానొక పనికిరాని మనిషిననుకోవడం. "దాదాపు రోజూ" అంది, చెరకుగడ విరిచినట్టు. ప్రతిసారీ ఆమె ఎదురుగా ఉన్నవాళ్లలో ఎవరో ఒకరి కళ్లలోకి చూస్తూనే చెప్పింది. వాళ్లు తల దించుకున్నారు. ఆమె దించుకోలేదు.

"చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన, లేదా..."

"దాదాపు రోజూ. జనవరి చివర్లో ఒకరోజు బావి పంపు గదిదాకా వెళ్లాను. ఏం చేద్దామని వెళ్లానో నాకు తెలుసు. తొలిచూలు ఆవొకటి అరిచింది. దాన్ని చూడ్డానికి వెనక్కొచ్చాను."

ఆ ఆవు నాకు గుర్తుంది. దూడ అడ్డం తిరిగింది. ఇద్దరం గొలుసు వేసి గంటసేపు లాగాం. ఆమె చేతులు కొంచెం కూడా వణకలేదు. దూడ బతికింది. అయ్యాక నేను "బాగా చేశావ్" అని, చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాను.

"నెల స్ప్రే అయ్యాక, మార్చి చివర్లో?" అన్నాడు ఆ డాక్టరు. ఇప్పుడు గొంతు కాస్త తగ్గింది.

మళ్లీ తొమ్మిదీ అడిగాడు. మూడు కొన్ని రోజులు, ఒకటి సగం రోజులు, మిగతావి అస్సలు లేదు. తొమ్మిదోది అస్సలు లేదు.

"తర్వాత మీరు డ్రిప్ చేయించుకున్నారని ఉంది. అది బాగా పనిచేసిందంటున్నారు. మరి అదే ఎందుకు కొనసాగించరు?"

"అది బలంగా పనిచేసింది, ఒప్పుకుంటాను. నన్ను గుంటలోంచి జుట్టు పట్టి లాగినట్టు లాగింది. స్ప్రే నిదానంగా లాగింది. ఏది గొప్పదో తీర్పు చెప్పమనకండి, నేను డాక్టర్ని కాను. డ్రిప్‌కు మీరొక డాలరివ్వరు. నేనిక ఇవ్వలేను. మీరిస్తామని కాగితంలో రాసుకున్నది స్ప్రే. అది పనిచేసింది. అదే ఇవ్వండి. ఇవ్వనంటే ఎందుకివ్వరో ఈ ఇరవై రెండు మందికీ ఇప్పుడే చెప్పండి, వింటారు."

"నేను వెంటనే నిర్ణయం చెప్పలేను మిసెస్ కుచెరా. రాతపూర్వకంగా..."

"రాయండి మరి. నా ముందరి అంకె మాత్రం మార్చి రాయండి."

ఫోన్ జేబులో పెట్టుకుని దిగింది. సూది తీసుకుని మందు ఎక్కించింది. ఎవరూ కదల్లేదు. వెర్ల్ మంట అంటించడానికి వంగి, అగ్గిపుల్ల గీయకుండా ఆగాడు.

"అయితే పళ్లు బాగానే ఉన్నాయన్నమాట" అన్నాడు.

"బాగానే ఉన్నాయి. కరవమంటావా?"

వాడు అగ్గిపుల్ల గీశాడు. మంట హోరు మళ్లీ మొదలైంది. తర్వాతి దూడను ఈడ్చుకొచ్చారు.

ఉత్తరం తొమ్మిది రోజులకు వచ్చింది. ఇచ్చారు. ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను. ఆ రోజు భోజనానికి కూర్చున్నప్పుడు మాత్రం మాలో ఎవరికీ అది తెలియదు.

ఒంటిగంటకు పని అయింది. ట్రాక్టరు షెడ్డులో పలకలు పరిచి బల్లలు వేశాం. పొయ్యిలో తెల్లారి నుంచి మగ్గిన గొడ్డుమాంసం, చిక్కుడుగింజలు, బంగాళాదుంపలు, రొట్టెలు. వాతల రోజున ఇంటావిడ వడ్డిస్తుంది, అందరూ తిని లేచాక నిలబడే నాలుగు ముద్దలు తింటుంది. మా అమ్మ అలాగే తింది. మార్లిస్ కూడా అన్నేళ్లూ అలాగే తింది. అందరూ టోపీలు తీసి, చేతులు కడుక్కుని, ఆమె ఎప్పుడు గరిటె పట్టుకుంటుందా అని గోడ పక్కన నిలబడ్డారు.

మార్లిస్ ఒక కంచం తీసుకుంది. మాంసం వేసుకుంది, దుంపలు వేసుకుంది, రెండు రొట్టెలు పెట్టుకుంది. బల్ల మధ్యలో, అందరికీ కనిపించేచోట కూర్చుని తినడం మొదలుపెట్టింది.

గోడ పక్కనున్నవాళ్లు నా వంక చూశారు. నేను వెళ్లి గరిటె అందుకున్నాను. ఒక్కొక్కరే కంచం పట్టుకుని నా ముందుకొచ్చారు. వడ్డించాను. నాకు వడ్డించడం సరిగా రాదు. చిక్కుడుగింజల పులుసు ఒకరి చేతి మీద పడింది. అతను తుడుచుకుని ముందుకు జరిగాడు. వెర్ల్ వచ్చి ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు. వాడి భార్య మార్లిస్ పక్కన కూర్చుంది. మిగతావాళ్లు అటూ ఇటూ సర్దుకున్నారు. ఏటా ఆ షెడ్డులో నవ్వులు, గుర్రం మీంచి ఎవడు పడ్డాడన్న కబుర్లు ఉంటాయి. ఆ రోజు ఫోర్కులు కంచాలకు తగిలే చప్పుడు తప్ప ఏదీ లేదు. మార్లిస్‌కు రెండో పక్కన ఖాళీ ఉంటే అందరికంటే చివర నేను వెళ్లి కూర్చున్నాను.

మార్లిస్ కంచం ఖాళీ అయింది. దాన్ని నా వైపు జరిపింది. లేచి వెళ్లి ఇంకో రెండు ముక్కలు వేసి తెచ్చి ఆమె ముందు పెట్టాను. ఆమె తింది. మేమంతా తిన్నాం.